గ్రాండ్ టెస్ట్ దగ్గరపడగానే ఏదో ఒక వంక దొరుకుతోంది, ఇందులోంచి బయటపడ్డవాళ్లు కాస్త చెప్పండి

అశోక్‌నగర్_రూమ్:
తెలంగాణ గ్రూప్-2కి చదువుతున్నాను. దయచేసి బద్ధకం అనకండి. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకుంటే మళ్లీ మెస్ కట్టేసే టైమ్‌కే బయటికొస్తాను. టెస్ట్ సిరీస్‌కి డబ్బులు కూడా కట్టాను, కానీ గ్రాండ్ టెస్ట్, అంటే అసలు పరీక్షలాగే పెట్టే నమూనా పరీక్ష, ఉన్న ఆదివారం దగ్గరపడేకొద్దీ ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటాను. ముందురోజు రాత్రి ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లి రెండింటిదాకా నోటిఫికేషన్ గురించి, కటాఫ్ గురించి ముచ్చట్లు. లేదంటే టెలిగ్రామ్‌లో ఎవరో కొత్త ఎకానమీ నోట్స్ పెట్టారని ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఇది అయ్యాక టెస్ట్ రాద్దాంలే అనుకోవడం. అది అయ్యేలోపు ఇంకో పీడీఎఫ్ వస్తుంది.

ఈ ఉద్యోగం మీద నాకు నిజంగా మనసుంది. పాసుపుస్తకంలో తప్పు పడిందని మా నాన్న పొలం పని వదిలేసి ఆఫీసు చుట్టూ ఎలా తిరిగాడో చూశాను, అందుకే నాయబ్ తహసీల్దార్ పోస్టు అంటే నాకంత పట్టుదల. ఇంత కావాలనుకున్నదాన్ని నా చేతులతో నేనే ఎందుకు చెడగొట్టుకుంటున్నానో అర్థం కావట్లేదు. ఫోన్ మానేసి చూశాను, అప్పుడు కొత్త టైమ్‌టేబుల్ గీసుకుంటూ కూర్చున్నాను.

పాతబిట్లు:
తమ్ముడూ, చాలామంది యాప్‌లు తీసెయ్ అంటారు. నువ్వు రాసిన చివరి మాటే దానికి జవాబు, ఫోన్ లేకపోతే టైమ్‌టేబుల్ దొరికింది. నువ్వు తప్పించుకుంటున్నది చదువును కాదనిపిస్తోంది, మార్కులను.

1978లో బెర్గ్లాస్, జోన్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి జవాబే లేని ప్రశ్నలిచ్చి కూడా చాలా బాగా చేశావని చెప్పారు. తర్వాత ఇలాంటిదే ఇంకో పరీక్ష ఉంది, దానికి ముందు రెండు మందుల్లో ఒకటి ఎంచుకో అన్నారు. ఒకటి బుర్రను చురుగ్గా చేస్తుందని, రెండోది మందగింపజేస్తుందని చెప్పారు. ఏం చేసి మెప్పు పొందారో తమకే తెలియని వాళ్లలో, ముఖ్యంగా మగపిల్లలు, మందగింపజేసే దాన్నే ఎక్కువగా కోరుకున్నారు. రేపు మార్కులు తగ్గితే తప్పు మందు మీదికి పోతుంది, తెలివైనవాడన్న పేరు అలాగే ఉంటుంది.

శనివారం రాత్రి రెండింటిదాకా మేలుకోవడం నీకు ఆ మందు. 'నిద్రలేదు, లేకపోతే కొట్టేసేవాడిని' అనుకోవచ్చు. ఊళ్లో 'మా వాడు తెలివైనోడు' అని పేరు తెచ్చుకుని హైదరాబాద్ వచ్చిన వాళ్లం కదా మనం, ఆ పేరు పోతుందన్న భయం చిన్నది కాదు. దాన్ని చూసి సిగ్గుపడకు, కానీ దాని మాట విని పరీక్ష మాత్రం వదులుకోకు.

వరంగల్_అక్క:
పాతబిట్లు గారు చెప్పింది నిజమే గానీ కారణం తెలిసినంత మాత్రాన ఆదివారం పొద్దున కాళ్లు హాలు వైపు నడవవు. నేను ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నాను, ఇంట్లో చిన్నపిల్ల ఉంది, నాకు పని చేసిన పద్ధతి చెప్తాను.

ముందు గ్రాండ్ టెస్ట్ పక్కన పెట్టు. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600 అనుకుంటేనే గుండె దడ. రోజూ చదివిన చాప్టర్ మీద పుస్తకం మూసి పది బిట్లు రాయి, చాలు. నాలుగో పేపరే తీసుకో, తెలంగాణ ఉద్యమం మనకు బాగా వచ్చనుకుంటాం. పెద్దమనుషుల ఒప్పందం, ఆరు సూత్రాల పథకం, రాష్ట్రపతి ఉత్తర్వులు, 610 జీవో, వీటిని వరుసలో పెట్టమంటే చదివేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, ఆప్షన్లు ముందుంటే మధ్యలో రెండూ తారుమారవుతాయి. 1956, 1973, 1975, 1985. ఒకసారి తప్పు పెట్టి, కీ చూసి దిద్దుకున్నాక ఆ 1973, 1975 నేనెప్పుడూ మర్చిపోలేదు. రెండు రంగుల పెన్నుతో గీతలు గీసి చదివినప్పుడు మాత్రం నిలవలేదు.

2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు చూపించింది కూడా ఇదే. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. అంటే టెస్ట్ అనేది చదువంతా అయ్యాక పెట్టే తీర్పు కాదు, చదువులో ఒక భాగం. నువ్వు దాన్ని చివరికి నెట్టేసి చదువునే పోగొట్టుకుంటున్నావు.

ఇంకోటి, 'ఈసారి గట్టిగా రాస్తాను' అనుకోవద్దు. పీటర్ గోల్‌విట్జర్ అని ఒకాయన దీని మీద చాలా పని చేశాడు, ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే ముడి వేసుకుంటే ఉత్త సంకల్పం కంటే బాగా నిలుస్తుందని. నీకైతే ఇలా: 'లైబ్రరీలో బ్యాగ్ దించగానే నిన్నటి చాప్టర్ బిట్లు తీస్తాను, తర్వాతే పుస్తకం.' ఇంకా: 'టెలిగ్రామ్‌లో కొత్త నోట్స్ కనిపిస్తే పేరు రాసుకుంటాను, ప్రింట్ తీయించను.' కాగితం మీద రాసి పెట్టుకో.

ఆర్టీసీ_ఎక్స్‌రోడ్స్:
అక్క చెప్పింది బాగుంది, ఒక్కదాంతో మాత్రం ఒప్పుకోను. గ్రాండ్ టెస్ట్ పూర్తిగా పక్కన పెడితే మళ్లీ అదే తప్పించుకోవడం. చిన్న బిట్లతో అలవాటు చేసుకుని, ఒక పేపరైనా టైమ్ పెట్టుకుని కూర్చోవాల్సిందే. రెండున్నర గంటల్లో 150 బిట్లు అంటే బిట్‌కి నిమిషం, ఆ తొందర రూమ్‌లో పుస్తకం పట్టుకుంటే తెలీదు. మార్కులు ఎవరికీ చెప్పక్కర్లేదు, గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టక్కర్లేదు. నా అనుభవంలో సగం భయం పక్క రూమ్ వాడికి ఎన్ని వచ్చాయో అన్నదే.

శనివారం ఫ్రెండ్‌ని కలవడం మానకు, ఒంటరిగా ఉంటే ఇంకా కష్టం. సాయంత్రం టీకి కలువు, తొమ్మిదింటికి లేచిపో.

అశోక్‌నగర్_రూమ్:
ఆ మందు సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను, అచ్చం నా శనివారాలే. ఒక్కటి అడగనా? నాన్న ఫోన్ చేసి ఎట్ల సాగుతోందిరా అంటే మంచిగనే అంటాను. మార్కులు తక్కువొస్తే ఆయనకేం చెప్పాలి?

వరంగల్_అక్క:
ఉన్నది ఉన్నట్టు చెప్పు. 'ఈ వారం ఎకానమీలో తక్కువొచ్చినయ్ నాన్నా, వచ్చే వారం మళ్లీ అదే రాస్తా' అను. కాలం కాని ఏడాది కూడా దుక్కి దున్నిన మనిషికి ఆ మాట నీకంటే బాగా అర్థమవుతుంది. ఆ మంచిగనే అన్న మాట నిలబెట్టుకోవడానికే నువ్వు టెస్ట్ తప్పిస్తున్నావేమో కూడా చూసుకో. ఈ ఆదివారం మూడో పేపర్, అదే ఎకానమీ, రాయి, సాయంత్రం తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించు, మార్కులు ఇక్కడ పెట్టక్కర్లేదు. ఎక్కడ తప్పులు పోతున్నాయో మాత్రం రాయి, ఆ చాప్టర్‌కి ఏం చదవాలో నేను చెప్తాను.