ఫైర్, డిజాస్టర్ మేనేజ్‌మెంట్ దూరవిద్యలో ఎలా చెప్పాలి?

విశాఖ_లెక్చరర్:
అందరికీ నమస్తే. నేను పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినవాణ్ణి. ఈ ఏడాది మా స్టడీ సెంటర్లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ డిప్లొమా క్లాసులు నాకు అప్పజెప్పారు, ఆదివారం కాంటాక్ట్ క్లాసు, మిగతాది ఆన్‌లైన్. వచ్చేవాళ్ళలో లీడింగ్ ఫైర్‌మన్లు, పరవాడ ఫార్మా కంపెనీల సేఫ్టీ సూపర్‌వైజర్లు ఉన్నారు. 2014లో హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు చెట్లు కోసి రోడ్లు తెరిచిన మనిషికి నేను తుఫాను నిర్వచనం చెప్పాలి, ఆయనేమో ఓపిగ్గా వింటాడు, అదింకా ఇబ్బంది. డ్యూటీల వల్ల సగం మంది రానే రారు. 2005 విపత్తు నిర్వహణ చట్టం, జాతీయ, రాష్ట్ర, జిల్లా అథారిటీలు అని చదివి వినిపించడం తప్ప ఇంకేం చెయ్యొచ్చు? మంటలార్పడం జూమ్‌లో నేర్పగలమా అసలు?

పాత_స్టేషన్_ఆఫీసర్:
మాస్టారూ, మంటలార్పడం మీరు నేర్పక్కర్లేదు. గొట్టం పట్టడం, బీఏ సెట్ (పొగలో ఊపిరి పీల్చుకునే గాలి సిలిండరు, మాస్కు) తగిలించుకుని పొగలోకి పోవడం డ్రిల్ గ్రౌండ్ పని, అది ఒళ్ళు వంచితేనే వస్తుంది. ఆ పనిలో ఆరితేరినవాళ్ళకి కూడా రానిది ముందస్తు ప్లాను రాయడం, రిపోర్టు రాయడం, నాలుగు శాఖలవాళ్ళు ఒకేసారి వచ్చిపడితే ఎవరి మాట చెల్లాలో తేల్చడం. అది దూరం నుంచి బ్రహ్మాండంగా చెప్పొచ్చు.

ఒక్కొక్కరినీ తమ ఏరియాలో ఒక బిల్డింగ్ చూసి రాసుకురమ్మనండి. సెల్లార్లో బళ్ళున్నాయా, గోడౌన్ నడుస్తోందా, హోస్ బాక్స్ తలుపు తీస్తే గొట్టం ఉందా చీపురుకట్టలున్నాయా, ఫైర్ పంపు ఆటోమేటిక్‌లో ఉందా లేక గోల భరించలేక వాచ్‌మన్ మాన్యువల్లో పెట్టేశాడా, టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు పోయింది పొగకే, కాబట్టి మెట్లదారి ఫొటో తప్పనిసరి చెయ్యండి. ఇంకో లాభం, ఎవరి బిల్డింగ్ వారిది గనక బజార్లో దొరికే గైడ్ చూసి అసైన్‌మెంట్ దింపేయడం కుదరదు.

తుల్సా_తెలుగు:
ఇక్కడ అమెరికాలో ఈ సమస్య చాలా పాతది. 24 గంటలు డ్యూటీ, 48 గంటలు ఖాళీ అనే షిఫ్టుల్లో ఉన్నవాళ్ళు రోజూ కాలేజీకి పోలేరని, 1970ల చివర్లోనే కొన్ని యూనివర్సిటీలతో కలిసి ఇంట్లో కూర్చుని చదివే ఫైర్ డిగ్రీ కోర్సులు పెట్టారు. వాటిలో గొట్టాల ఊసే ఉండదు, సిబ్బంది నిర్వహణ, చట్టాలు, ఊళ్ళో ఏ పేటకి ఎంత ముప్పు, కావాలని పెట్టిన మంటల దర్యాప్తు, ఇవీ సబ్జెక్టులు. ఇక్కడి విపత్తుల సంస్థ ఫెమా పెట్టిన ఆన్‌లైన్ కోర్సులు ఐఎస్-100, ఐఎస్-200 మెటీరియల్ ఉచితమే, ఒకసారి చూడండి సార్. 1970లో కాలిఫోర్నియా అడవులు తగలబడినప్పుడు వచ్చిన వేర్వేరు డిపార్ట్‌మెంట్లకి పొత్తు కుదరకే ఆ కోర్సుల్లో చెప్పే కమాండ్ పద్ధతి, అంటే ఎవరు ఎవరి మాట వినాలో ముందే తేల్చే పద్ధతి, పుట్టింది, మన జాతీయ అథారిటీ ఎన్‌డీఎంఏ 2010లో ఇచ్చిన ఐఆర్ఎస్ (ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్) మార్గదర్శకాలకీ అదే మూలం. మీ పుస్తకంలో బాక్సులు, బాణాలతో ఉన్న ఆ చార్టు ఈ గొడవ చెప్పాక చూపిస్తే బుర్రకెక్కుతుంది.

కాల్_వస్తే_లాగౌట్:
నేను ఫైర్‌మన్‌ని, ఇలాంటి డిప్లొమానే చేస్తున్నా. సార్, లైవ్ క్లాసు మీద ఆశ పెట్టుకోకండి, స్టేషన్‌కి కాల్ వస్తే ఫోను అక్కడే పడేసి బండెక్కుతాం. చిన్న చిన్న ఆడియోలు పెట్టండి. మా మేడమ్ చేసిన పని బాగా నచ్చింది, 2024 సెప్టెంబర్ విజయవాడ బుడమేరు వరదని వాట్సాప్ గ్రూపులో నడిపారు. ఒకడు కంట్రోల్ రూమ్, ఒకడు మున్సిపాలిటీ, ఒకడు ఫైర్. ‘సింగ్‌నగర్‌లో నీళ్ళు పెరుగుతున్నాయి, పడవలు తక్కువున్నాయి, ముందు ఎటు పంపుతావ్?’ అని మెసేజ్ వస్తుంది, జవాబిచ్చేలోపు డయాలసిస్ పేషెంట్ గురించి ఇంకోటి. మొదట్లో నవ్వులాట, తర్వాత అందరికీ టెన్షనే. చివర్లో గ్రూపు చాట్ ముందేసుకుని ఎవరు ఎవరికి చెప్పకుండా నిర్ణయం తీసుకున్నారో చూస్తే అదే పాఠం.

విశాఖ_లెక్చరర్:
ఇది రేపే మొదలుపెడతా, థాంక్స్ బ్రదర్. మాకైతే వరద బదులు మా విశాఖ స్టైరీన్ విషవాయువు లీకు పెట్టుకోవాలి, సూపర్‌వైజర్లూ నోరు విప్పుతారు.

పాత_స్టేషన్_ఆఫీసర్:
మంచిదే, కానీ 2020 నాటి ఆ లీకులో ఇంట్లోవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు క్లాసులో ఉన్నారేమో ముందు విడిగా కనుక్కోండి. ఇంకోటి, ‘ఈ డిప్లొమాతో ఫైర్ ఉద్యోగం వస్తుందా’ అని కుర్రాళ్ళు అడుగుతారు, దాచకుండా చెప్పండి. ఫైర్‌మన్ ఉద్యోగానికి నోటిఫికేషన్, దేహదారుఢ్య పరీక్ష ఉంటాయి, ఈ కాగితం వాటికి బదులు కాదు. ‘డిస్టెన్స్‌లో ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ’ అని గోడల మీద కనిపించేవాటికి డబ్బు కట్టకముందు యూజీసీ దూరవిద్య బ్యూరో జాబితా చూసుకోమనండి, అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు వేటు వేసిన సంగతి చాలామందికి ఇంకా తెలీదు.