బఠాణీలో బూడిద, ఆకుల మీద గీతలు, పల్లంలో వాడిపోవడం: అన్నిటికీ ఒకే పిచికారీ చాలా?

ప్రశ్న
మదనపల్లె దగ్గర ఎర్ర నేల, ఎకరంన్నర అర్కెల్ బఠాణీ. విత్తి 42 రోజులు, పూత మీద ఉంది. కింది ఆకుల మీద తెల్ల పొడి, కొన్నిటిలో వంకర టింకర తెల్ల గీతలు. పల్లం వైపు మొక్కలు పసుపు తిరిగి వాలుతున్నాయి. మందుల షాపులో గంధకం, వేప నూనె కలిపి కొట్టమన్నారు. కొట్టొచ్చా?

జవాబు 1
కలపొద్దండీ. నూనె పడిన ఆకు మీద గంధకం పడితే ఆకు మాడుతుంది. రెండింటికీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

తెల్ల పొడి బూడిద తెగులు. ఇది ముసురుకు వచ్చేది కాదు. పగలు పొడి ఎండ, రాత్రి చలి ఉంటే దూసుకుపోతుంది. అర్కెల్‌కు దీన్ని తట్టుకునే శక్తి తక్కువ. ముందు దీని సంగతే చూడండి, కాయల మీదికి పాకితే రేటు పడిపోతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అంటే ఎకరాకు 200 లీటర్ల నీటికి 600 గ్రాములు. ఆకు అడుగు కూడా తడవాలి. ఎండ 32 డిగ్రీలు దాటే వేళ వద్దు, సాయంత్రం కొట్టండి. 10–12 రోజులకు మరోసారి.

గీతలు పాముపొడ. పురుగు ఆకు పొరల మధ్య ఉంటుంది, కోశస్థ దశ (ప్యూపా) కూడా ఆ ఆకులోనే. అందుకే గీతలున్న కింది ఆకులు గిల్లి పూడ్చేయండి, గట్టు మీద వేస్తే లాభం లేదు. పై ఆకులు శుభ్రంగా ఉంటే దీనికి మందు అక్కర్లేదు.

జవాబు 2
పల్లంలో వాలిన మొక్క ఒకటి పీకి, కాండం అడుగు నిలువునా చీల్చండి. లోపల సొరంగం, పురుగు ఉంటే కాండపు ఈగ. నాళాలు ఇటుక రంగులో ఉంటే ఎండు తెగులు. వేరు నల్లబడి పై పొర ఊడొస్తే వేరుకుళ్లు. ఏమీ కొట్టకముందే చూడండి.

ప్రశ్న అడిగినవారు
చీల్చాను. సొరంగం లేదు. తల్లివేరు నల్లగా ఉంది, లాగితే తొక్క ఊడొస్తోంది.

జవాబు 2
అయితే వేరుకుళ్లే, నీరు నిలిచి వచ్చింది. ముందు పల్లం నుంచి కాలువ తీసి నీరు బయటికి పంపండి. అది చేయకుండా ఏ మందు పోసినా దండగ. వాలినవి పీకేయండి. చుట్టూ ఉన్న వాటి మొదళ్లలో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పోయండి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే మేలు చేసే శిలీంధ్రం) ఇప్పుడు వద్దు, ఈ కాపర్ మందు దాన్నీ చంపుతుంది. ఆ చెక్కలో మూడేళ్లు బఠాణీ మానేసి రాగి పంట గానీ మొక్కజొన్న గానీ వేయండి.

జవాబు 3
వచ్చే ఏడు అర్క అజిత్ రకం చూడండి, బూడిద తెగులునూ తుప్పు తెగులునూ తట్టుకుంటుంది. విత్తన శుద్ధికి ట్రైకోడెర్మా అనుకుంటే కార్బండజిమ్ అనే తెగులు మందు పట్టించకండి, రెండూ పొసగవు. రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా) చివర్లో, బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి.