‘వార్తలు చదువుతున్నది...’ తప్పా, ఒప్పా?

ప్రశ్న: ఆకాశవాణి ప్రాంతీయ వార్తల్లో ‘వార్తలు చదువుతున్నది’ అని మగవారి పేరు చెబుతారు. ‘చదువుతున్నవారు’ అనాలి కదా? ఇన్నేళ్లుగా ఎవరూ దిద్దలేదెందుకు?

జవాబు: దిద్దాల్సిన పని లేదండీ, అది అచ్చమైన తెలుగు వాక్యం. ‘అన్నం వండింది ఎవరు?’ అంటే ‘వండింది నాన్న’ అంటాం. ‘వండినవాడు నాన్న’ అనం. ‘గెలిచింది మనవాళ్లే’ అన్నప్పుడు అంతమంది ఉన్నా ‘గెలిచింది’ మారలేదు. పని జరిగిందని ముందే తెలిసి, చేసిందెవరో చెప్పాల్సి వచ్చినప్పుడు తెలుగు ‘-ది’నే వాడుతుంది. ఆడా మగా, ఒకరా పదిమందా అన్నది దానికి పట్టదు.

రేడియోకి ఇంతకంటే అమరే వాక్యం లేదు. వార్తలొస్తున్నాయని శ్రోతకు తెలుసు, గొంతు ఎవరిదో తెలియాలి. పైగా పేరు చెప్పుకునేది చదివేవారే. ‘చదువుతున్నవారు’ అంటే తనను తానే గౌరవించుకున్నట్టు, ‘చదువుతున్నాడు’ అంటే ఇంకెవరి గురించో చెప్పినట్టు ఉంటుంది. ‘-ది’తో ఆ ఇబ్బంది లేదు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన కొంగర జగ్గయ్యకైనా, జోలెపాళ్యం మంగమ్మకైనా ఒకే మాట సరిపోతుంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి ప్రాంతీయ వార్తలు వింటూ పెరిగిన మా ఇంట్లో ఆ మాట వినగానే అందరూ నోళ్లు మూసేవాళ్లం, మా తాతయ్య చెయ్యెత్తేవారు మరి!

మరొకరు: 6.55కి వచ్చే సంస్కృత వార్తల్లో ‘ప్రవాచకః బలదేవానంద సాగరః’ అనేవారు కదా. అక్కడ లింగం ఉందే?

జవాబు: మంచి పోలిక. ‘ప్రవాచకః’ మనిషిని చెప్పే నామవాచకం, కాబట్టి లింగం తప్పదు. ఆడవారైతే ‘ప్రవాచికా’ అవుతుంది. మన ‘చదువుతున్నది’ మనిషిని వర్ణించడం లేదు, పేరు కోసం ఖాళీ ఉంచుతోంది. ‘ఆకాశవాణి’ అన్న మాటా అలాంటిదే. 1935లో మైసూరులో గోపాలస్వామి గారు పెట్టిన రేడియోకి ఆ పేరు రాకముందు, భాగవతంలో కంసుడికి వినిపించిన అశరీరవాణి అది. గొంతే తప్ప మనిషి కనపడడు.

చీకట్లో తలుపు చప్పుడైతే లోపలినుంచి మనం అడిగేది ఏమిటి? ‘ఎవరది?’ అనే కదా.