స్లైడ్ గిటార్: ఎదురుగా చూస్తేనే లెక్కా, రికార్డు వింటే లెక్కలోకి రాదా?

సీసామూత:
లైవ్‌లో స్లైడ్ గిటార్, అంటే వేలికి సీసానో గొట్టమో తొడుక్కుని తీగల మీద జరుపుతూ వాయించేది, అది వాయించినవాళ్లలో మీకు ఎవరిష్టం? నా ఓటు డ్యూయేన్ ఆల్మన్‌కే. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో ఆయన బ్యాండ్ ఆల్మన్ బ్రదర్స్ వాయించిన రికార్డు విన్నప్పటినుంచీ ఇంకెవరిదీ చెవికెక్కడం లేదు. జలుబు మాత్రల ఖాళీ గాజుసీసా ఉంగరం వేలికి తొడుక్కుని వాయించేవాడు. ఆ ఆల్బమ్ జులైలో వచ్చింది, అక్టోబర్ 29న మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. అప్పటికి 24 ఏళ్లు!

డల్లాస్_బాబాయ్:
గొప్పవాడే, కాదనను. కానీ మీరు అడిగింది లైవ్ గురించి కదా, ఆయన్ని మీరు చూశారా? నేను డెరెక్ ట్రక్స్‌ని ఏడుసార్లు చూశాను. ఆల్మన్ బ్రదర్స్ డ్రమ్మర్ బుచ్ ట్రక్స్‌కి సోదరుడి కొడుకు అవుతాడు, 1999లో అదే బ్యాండ్‌లో చేరాడు. పిక్ (తీగలు మీటే బిళ్ల) పట్టుకోడు, వట్టి వేళ్లతో మీటుతాడు. 2014 అక్టోబర్ 28న బీకన్ థియేటర్‌లో ఆ బ్యాండ్ చివరి షోకి నేనున్నాను. అర్ధరాత్రి దాటి 29లోకి వెళ్లింది, అంటే సరిగ్గా డ్యూయేన్ పోయిన తేదీలోకి. ఆ హాల్లో కూర్చుని విన్నవాడికి రికార్డంటే చల్లారిన పెసరట్టే.

నిద్రపట్టనివాడు:
చల్లారిన పెసరట్టు కూడా బాగుంటుంది, అల్లం పచ్చడి ఉంటే.

మధ్యవేలు:
బోనీ రెయిట్ పేరు ఎవరూ ఎత్తరేం? ఆవిడ స్లైడ్ మధ్యవేలికి తొడుక్కుని, పాడుతూనే వాయిస్తుంది. పాట ఆపిన చోట గిటార్ అదే గొంతుతో అందుకుంటుంది.

తంబురా_తాతయ్య:
ఇదంతా మన గోటువాద్యంలో ఉన్నదే నాయనా. మెట్లు లేని వీణ, దాని మీద కొయ్యముక్క జరుపుతూ గమకాలు పలికించడం. వీళ్లు సీసా పెట్టారు, అంతే.

సీసామూత:
తాతయ్యగారూ, మీరు ప్రతి చర్చలోనూ ఇదే అంటారు, మొన్న కాఫీ గురించీ ఇదే అన్నారు. డెరెక్‌కి మన సంగీతం ఒంటబట్టిన మాట నిజమే, కానీ అది గోటువాద్యం వల్ల కాదు, అలీ అక్బర్ ఖాన్ సరోద్ విని.

తంబురా_తాతయ్య:
సరోద్‌కీ మెట్లుండవు. నేనన్నదీ అదే.

డల్లాస్_బాబాయ్:
సీసామూత గారూ, అసలు మీ ఫిల్‌మోర్ రికార్డు పూర్తి లైవ్ కూడా కాదు. ప్రొడ్యూసర్ టామ్ డౌడ్ టేపు కత్తిరించాడు, ఒక పాటలో హార్మోనికా సోలో మొత్తం ఎగరగొట్టాడు. ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్లు విన్నది వేరు, మీరు వింటున్నది వేరు.

సీసామూత:
హార్మోనికా తీస్తే డ్యూయేన్‌కి ఏం తగ్గింది? మనం మాట్లాడుతున్నది స్లైడ్ గురించి.

డల్లాస్_బాబాయ్:
తీశారా లేదా, అది చెప్పండి.

సీసామూత:
తీశారు. అయితే?

డల్లాస్_బాబాయ్:
అయితే లైవ్ కాదు.

పాసెంజర్_బండి:
బాబాయ్, నేనూ ఎదురుగా చూసినవాణ్ణే. 140 డాలర్లు పెట్టి టికెట్ కొంటే స్తంభం వెనక సీటు వచ్చింది. బాస్ మోతకి గుండె అదిరింది తప్ప స్లైడ్ అన్నది ఒక్క ముక్క వినపడితే ఒట్టు. ముందు వరుసవాడు రెండు గంటలూ ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. చివరికి ఆ షోని ఇంటికొచ్చి అలాంటి ఎవడో తీసిన వీడియోలోనే విన్నాను.

మధ్యవేలు:
రెండోసారి చెబుతున్నా, బోనీ రెయిట్.

సీసామూత:
సరే, ఇక నేనూ చెబుతా. తెనాలిలో డిగ్రీ చదివేటప్పుడు దగ్గుమందు సీసా మెడ కోసి, అంచు రాతి మీద అరగదీసి, చిటికెనవేలికి తొడిగాను. గాజు సరిగ్గా మెట్టు నెత్తిన నిలవాలి, వెంట్రుకవాసి వెనక్కి జరిగినా శ్రుతి దిగిపోతుంది. సీసా వెనక చూపుడువేలు తీగల మీద ఆనించకపోతే అవి గరగరలాడతాయి. ఇవి నాకు ఎవరూ చూపించలేదు, ఆ రికార్డులో ఒక్కో సోలో వందసార్లు వెనక్కి తిప్పి, అమ్మతో తిట్లు తింటూ కనిపెట్టుకున్నవి. మీకు వీసా వచ్చింది, చూశారు, సంతోషం. నేను రెండుసార్లు ప్రయత్నించాను, రాలేదు. అంతమాత్రాన నాకు ఇష్టమైనవాడి పేరు చెప్పడానికి మీ పర్మిషన్ తీసుకోవాలా?

డల్లాస్_బాబాయ్:
వీసా మాట నేనెత్తానా? ఊరికే మాటలు అంటగట్టకండి.

నిద్రపట్టనివాడు:
"మీరు చూశారా" అని మొదట అడిగింది మీరే బాబాయ్.

డల్లాస్_బాబాయ్:
అడిగాను. ఎందుకడిగానో వినండి. జానీ వింటర్ అని ఇంకో స్లైడ్ వాద్యకారుడు, మా టెక్సస్ మనిషి. మా ఇంటి నుంచి అరగంట దూరంలో షో ఉంటే, ఆఫీసులో రిలీజ్ ఉందని వచ్చేసారి చూద్దాంలే అనుకున్నాను. 2014 జులైలో పోయాడు. ఆ అక్టోబర్లో అప్పు చేసి న్యూయార్క్ ఫ్లైట్ ఎక్కింది అందుకే. మీరంతా పోయినవాళ్ల రికార్డులు పట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు ఎక్కడికీ పోరు, బతికున్నవాళ్లని వినండి ముందు.

సీసామూత:
ఈ ముక్క మొదటే అనుంటే సగం గొడవ ఉండేది కాదు కదండీ. నా ఓటు మాత్రం మారదు. తెనాలి నుంచి చూస్తే డెరెక్ అయినా డ్యూయేన్ అయినా ఒకే దూరం, ఇద్దరూ హెడ్‌ఫోన్స్‌లోనే ఉన్నారు.

డల్లాస్_బాబాయ్:
హార్మోనికా అయితే తీసేశారు.

మధ్యవేలు:
ఆవిడ బతికే ఉంది బాబాయ్. ఇప్పటికైనా మాట్లాడతారా?