అలర్జీ ప్రాణం మీదికి తెచ్చినప్పుడు మెడికల్ షాపులోనే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వనిస్తే?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి):
మా అబ్బాయి బరువు 20 కిలోలు, వాడికి పల్లీలు పడవు. కొబ్బరి చట్నీ అని వడ్డించినదాంట్లోనూ గుప్పెడు పల్లీలు కలిపే ఊరు మనది కాబట్టి, బయట టిఫిన్ తినిపించాలంటేనే భయం. విదేశాల్లో పిల్లల బడిసంచిలో ఉండే ఆటో ఇంజెక్టర్ (అడ్రినలిన్ మోతాదు ముందే నింపి ఉంచిన సూది) ఇక్కడి షాపుల్లో మామూలుగా దొరకదు. సాయంత్రం ఆరింటికి మా వీధి నుంచి ఆసుపత్రికి చేరడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు గానీ, మెడికల్ షాపు మాత్రం పక్కనే ఉంది. ఫార్మసిస్టులకు శిక్షణ ఇచ్చి, ఆపదలో ఇంజెక్షన్ చేసే అనుమతి ఎందుకు ఇవ్వకూడదు?

జవాబు (దిల్‌సుఖ్‌నగర్, ఫార్మసిస్టు):
అడ్రినలిన్ షెడ్యూల్ హెచ్ మందు కాబట్టి చీటీ లేకుండా అమ్మకూడదు. ముఖం వాచి వచ్చినవాళ్లు అడిగేది ఎప్పుడూ అవిల్ అనే అలర్జీ మాత్రే. ఊపిరి కూడా ఆడడం లేదంటే వెంటనే 108కి ఫోన్ చేయిస్తాను. అనుమతి ఇస్తే నేర్చుకోవడానికి నేను సిద్ధమే. అయితే సూది వేశాక రోగికి ఏదైనా జరిగితే బంధువులు ముందు నా షాపు మీదికే వస్తారు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సాయం చేసినవారికి ఇచ్చే రక్షణ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. అలాంటి రక్షణ మాకూ రాసి ఇవ్వకుండా, అనుమతి ఒక్కటే ఇస్తే దాన్ని వాడే ధైర్యం ఎవరికీ ఉండదు.

జవాబు (అత్యవసర విభాగం వైద్యుడు):
అవిల్, స్టెరాయిడ్ దద్దుర్లకు ఉపయోగపడవచ్చు గానీ, మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరిచి, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టే మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో (మందు ఉండే చిన్న గాజు గొట్టంలో) ఒక మిల్లీగ్రాము ఉంటుంది. పెద్దవారికి అందులో సగం, మీ అబ్బాయికి 0.2 మిల్లీలీటర్లు, తొడ బయటివైపు మధ్యభాగంలో కండలోకి ఇవ్వాలి. తగ్గకపోతే అయిదు నిమిషాల తర్వాత మళ్లీ ఇవ్వవచ్చు. ఇన్సులిన్ సూది పొట్టిది కాబట్టి కండదాకా చేరకపోవచ్చు. పొరపాటున నరంలోకి ఎక్కించడమే అసలు ప్రమాదం, శిక్షణ అందుకే కావాలి. టీకా తర్వాత ఇలాంటి ప్రతిచర్య వస్తే ఒక మోతాదు ఇవ్వడానికి మన ప్రభుత్వమే ఏఎన్ఎంలను అనుమతించింది. బ్రిటన్ చట్టమైతే ప్రాణం కాపాడేందుకు అడ్రినలిన్ సూది ఎవరైనా ఇవ్వవచ్చంటుంది. ఇక ఆరేళ్లు ఫార్మ్.డి. చదివినవారికి ఇది చేతకాదనడం నాకు వింతగా తోస్తుంది. ఒక్క షరతు: ఇంజెక్షన్ తర్వాత రోగి తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి రావలసిందే, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

జవాబు (అల్వాల్ నుంచి ఒకరు):
గోడకు సర్టిఫికెట్ వేలాడుతూ, ఆ పేరుగల ఫార్మసిస్టు ఎక్కడో వేరే ఉద్యోగం చేసుకునే షాపుల సంగతేమిటి? కౌంటర్‌లో ఉన్న కుర్రాడే సూది అందుకుంటాడు. అనుమతి షాపుకు కాక, శిక్షణ పొందిన మనిషి పేరు మీద ఇవ్వాలి. మే నెల ఎండల్లో మందును 25 డిగ్రీలు దాటకుండా, వెలుతురు తగలకుండా ఉంచుతున్నారో లేదో తనిఖీ కూడా ఉండాలి.

ప్రశ్న వేసిన తండ్రి:
చట్టం మారేదాకా, ఆంప్యూల్ మా ఇంట్లో పెట్టుకోవచ్చా డాక్టరు గారూ?

వైద్యుడు:
మీ పిల్లల డాక్టరు గారు చీటీతోపాటు మోతాదు కాగితం మీద రాసి, ఆంప్యూల్ మెడ విరిచి మందు లాగడం మీ ఇద్దరి చేతా చేయించి చూపిస్తే పెట్టుకోవచ్చు. గడువు తేదీ చూసుకుంటూ ఉండండి. మందు రంగు మారితే పారేసి కొత్తది తెచ్చుకోండి.