అప్‌డేట్: మా ట్రస్ట్ వెబ్‌సైట్ ఇప్పుడు మా చేతుల్లోనే ఉంది

రెండు నెలల కింద మిమ్మల్ని ఒకటి అడిగాను. హన్మకొండలో పిల్లలకు సాయంత్రం ఉచితంగా చదువు చెప్పే మా ట్రస్ట్‌కి, కంప్యూటర్ అంతగా రానివాళ్లు కూడా నడుపుకోగలిగే వెబ్‌సైట్ ఎలా అని. పాతది వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. చేసిచ్చిన తమ్ముడు ఉద్యోగానికి హైదరాబాద్ పోయాక ప్లగిన్లు, అంటే దానికి తగిలించే చిన్న ప్రోగ్రాములు, అప్‌డేట్ చేసేవాళ్లు లేరు. అలా వదిలేసిన సైట్‌లోకి ఎవరో చొరబడ్డట్టున్నారు, ఒకరోజు తెరిస్తే ఏవో మందుల ప్రకటనలు!

మీరు చెప్పినట్టే, కోడింగ్ రాకపోయినా పేజీలు చేసుకోగలిగే గూగుల్ సైట్స్‌కి మారాం. డొమైన్, అంటే సైట్ చిరునామా, ఆ తమ్ముడి సొంత మెయిల్ మీద ఉండె. దాన్ని ట్రస్ట్ పేరు మీదికి తెచ్చుకోవడానికే మూడు వారాలు పట్టింది.

అసలు తంటా అక్షరాలతో వచ్చింది. మా పాత కరపత్రాలన్నీ అను ఫాంట్లలో (డీటీపీవాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేసినవి. కాపీ చేసి పెడితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి) కాదు కాబట్టి వెతికినా దొరకదు. కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ చూసి దిద్దాం.

క్లాసుల టైమ్‌టేబుల్ గూగుల్ షీట్‌లో రాసి, దాన్ని పేజీకి జోడించాం. రిటైరైన మా లెక్కల సార్ నిన్న బస్టాండ్‌లో కూర్చుని ఫోన్‌లోనే ఆదివారం క్లాసు సమయం మార్చారు. కాసేపటికి సైట్‌లోనూ మారింది. వెంటనే ఫోన్ చేసి "అమ్మా, నేనే మార్చిన!" అన్నారు. నా టెన్షన్ అంతా అక్కడే పోయింది.

ఇద్దరికి ఎడిటింగ్ హక్కులిచ్చాం, పాస్‌వర్డ్ కాగితం ఆఫీసు బీరువాలో ఉంది. విరాళాల పేజీలో 80జి (విరాళం ఇచ్చినవాళ్లకు ఆదాయపన్ను మినహాయింపు) వివరాలు ఒక్కటే మిగిలాయి, ఆడిటర్ గారు చూసి పంపగానే పెడతాను.