సమస్యాపూరణం: కల్లలాడు పిల్ల కల్పవల్లి

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది.

కల్లలాడు పిల్ల కల్పవల్లి

ఆటవెలది పద్యంలో ఇది నాలుగో పాదం, మిగతా మూడు పాదాలూ మీరు రాయాలి. అయిదూ హగణాలే (గురువు, లఘువు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, క–క. విషయం కూడా నేనే ఇస్తున్నాను: 'యువర్ లై ఇన్ ఏప్రిల్' అనే జపనీస్ యానిమే సీరియల్ ఆఖరి ఎపిసోడ్, 22వది. జపాన్‌లో 2015 మార్చిలో ప్రసారమైంది. మనవాళ్ళు ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు, చూసినవాళ్ళు చూసినట్టే ఏడుస్తున్నారు. ఆ ఏడుపుకి కారణమేమిటో ఆటవెలదిలో చెప్పండి.

చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కింద కథంతా బయటపడుతుంది. చూసి మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అరిమా పియానో వాయించే కుర్రాడు. తల్లి పోయాక, వాయిస్తుండగా తన స్వరాలు తనకే వినబడవు. కావోరి వయొలిన్ వాయించే అమ్మాయి. 'నీ స్నేహితుడు వతారి అంటే నాకిష్టం' అంటూ పరిచయమై, అరిమాని మళ్ళీ వేదిక ఎక్కిస్తుంది. ఆఖరి ఎపిసోడ్‌లో అతను పోటీలో షోపాన్ రాసిన జి మైనర్ బాలడ్ అనే పియానో రచన వాయిస్తున్న సమయానికి ఆమె ఆపరేషన్ థియేటర్‌లో ఉంటుంది. ఆమె బతకదు. ఆ తర్వాత ఆమె రాసిన ఉత్తరం అతని చేతికొస్తుంది. వతారి అంటే ఇష్టమన్నది అబద్ధమని, ప్రేమించింది అతన్నేనని అందులో తెలుస్తుంది.

గోదారిగట్టు:
మొదటి పూరణ నాదే కావాలని రాత్రే కూర్చున్నాను.

మిత్రు డిష్టమనుచు మేలమాడుచు వచ్చి
మోడువారినట్టి మొగ్గ మనసు
పాటతోడ తడిపి పచ్చగా జేసెను
కల్లలాడు పిల్ల కల్పవల్లి

నిర్వాహకుడు:
గోదారిగట్టు గారూ, చక్కని ఎత్తుగడ. 'మేలమాడుచు' అన్న మాట కావోరికి అతికినట్టు సరిపోయింది. మొదట్లో ఆమె చేసేదంతా అదే కదా, అరిమాని ఆటపట్టించడం, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడం. గణాలు, యతులు సరిగా ఉన్నాయి. ఒక్క సందేహం. మోడువారేది చెట్టో మొక్కో గానీ మొగ్గ కాదు, మొగ్గ వాడిపోతుంది. 'మొక్క మనసు' అంటే యతి చెడదు, పోలికా నిలబడుతుంది. నాలుగో పాదంలో ఎలాగూ తీగ ఉంది, రెండో పాదంలో మొక్క ఉంటే రెండూ ఒక తోటవే అవుతాయి.

గోదారిగట్టు:
'మోడువారినట్టి మొక్క మనసు'. మార్చానండీ, ధన్యవాదాలు.

తెల్లమల్లె:
నాకు బాలడ్ కన్నా ఉత్తరమే ఎక్కువ బాధ పెట్టింది. అయిదేళ్ళప్పుడు అరిమా పియానో విని, అతనితో కలిసి వాయించాలనే తను వయొలిన్ పట్టానని అందులో రాస్తుంది. కళ్ళజోడు తీసేసి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నానంటుంది. ఆమెలో మనం చూసిన ఆ చలాకీతనమంతా, రోజులు లెక్కపెట్టుకుంటున్న ఒక పిల్ల కావాలని తెచ్చుకున్న ధైర్యమని అప్పుడు తెలుస్తుంది. ఆ ఎపిసోడ్ అయిపోగానే మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకున్నాను. అదే నవ్వు, అవే మాటలు, కానీ ఈసారి చూడలేకపోయాను.

తాను లేని వేళ తలిదండ్రు లిడు లేఖ
విప్పి చూడ నిజము వెల్లివిరిసె
కరిగె కుర్రవాడు కన్నీట ననుకొని
కల్లలాడు పిల్ల కల్పవల్లి

నిర్వాహకుడు:
తెల్లమల్లె గారూ, ధార బాగుంది. సమస్యని అరిమా మనసులో మాటగా మలిచి, అబద్ధాలాడే పిల్ల కల్పవల్లి ఎలా అవుతుందన్న విరోధాన్ని తీర్చారు, అది మంచి పద్ధతి. 'వెల్లివిరిసె' మీద మాత్రం ఆలోచించండి. అది సంతోషం పొంగినప్పుడు వాడే మాట. ఆ ఉత్తరంలో బయటపడ్డ నిజం అలాంటిదా?

తెల్లమల్లె:
తెలిసే వాడానండీ. అతన్ని ఆమె ప్రేమించిందన్న నిజం అది. సంతోషించాల్సిన మాటే. ఆలస్యంగా వచ్చింది గనకే కన్నీరైంది. మూడో పాదంలో కన్నీరుంది, రెండో పాదంలో వెలుగు ఉండనివ్వండి.

నిర్వాహకుడు:
అయితే ఉండాల్సిందే. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్తగొంతు:
అందరికీ నమస్కారం. ఛందస్సు ఈమధ్యే నేర్చుకుంటున్నాను. నాకు ఆఖరి ఎపిసోడ్ గురించి రాయాలంటే నాలుగోది గుర్తొచ్చింది. ఫ్రెంచి స్వరకర్త సాంసాన్స్ రచన వాయిస్తూ అరిమా మధ్యలో ఆగిపోతాడు. పోటీలో అలా ఆగితే ఇక బహుమతి మాట మరిచిపోవాలి. అతను ఆగాడని ఆమె కూడా విల్లు దించేసి, 'మళ్ళీ' అంటుంది. అక్కడే నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

ఏప్రిలందు వచ్చె పావురమ్మును బోలి
యాగినట్టి చోట నాగి తాను
మరల మొదలు పెట్టె మనసార నతనికై
కల్లలాడు పిల్ల కల్పవల్లి

నిర్వాహకుడు:
కొత్తగొంతు గారికి స్వాగతం. రెండో పాదానికి నా ప్రత్యేక అభినందనలు. 'ఆగినట్టి చోట నాగి తాను' అన్న అయిదు గణాల్లో ఆ పిల్ల స్వభావమంతా ఉంది. గెలుపు వదులుకుని, పడినవాడి పక్కన తనూ కూర్చుంది. మొదటి పాదంలో గణాలు కుదిరాయి గానీ యతి తప్పింది. 'ఏ'కి 'పా' చెల్లదు. 'ఏప్రిలందు వచ్చె నెగిరి పావురమయి' అంటే 'వచ్చెన్ + ఎగిరి'లో ఎకారం ఉంది కాబట్టి ఏ–ఎ యతి కుదురుతుంది. మొదటి ఎపిసోడ్ చూసినవాళ్ళకి ఆ పావురాలు ఎక్కడివో వేరే చెప్పక్కర్లేదు.

కొత్తగొంతు:
చాలా సంతోషం గురువుగారూ. అలాగే మార్చుకుంటాను.

శ్రుతిబాక్స్:
నేను కొంతకాలం పియానో నేర్చుకున్నాను, అందుకని ఒక మాట. షోపాన్ ఆ బాలడ్‌ని ఒక్క పియానో కోసమే రాశాడు. అచ్చయింది 1836లో. ఎపిసోడ్‌లో కొంత దూరం వెళ్ళాక దాని మీదికి వయొలిన్ వచ్చి చేరుతుంది, అతని ఊహలో కావోరి ఎదురుగా నిలబడి వాయిస్తుంది. రచనలో లేని వాద్యం, ఆ గదిలో లేని మనిషి. చివర్న బాలడ్ ఉధృతమై, రెండు చేతులూ మీటల మీద పరుగులు తీసే చోట ఆమె రూపం కరిగిపోతుంది. ఆమె పోయిందని అతనికి డాక్టర్ల కన్నా ముందు సంగీతం చెప్పింది. ఈ షోలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే. ఏ పాత్రా నోరు తెరిచి ఆ వార్త చెప్పదు.

నా పూరణలో అబద్ధం లేదు. సమస్యని వేరేగా విరిచాను.

వాయులీన మెత్తి వాసంత వేళలో
నింగి మెరుపు వోలె నిలిచినట్టి
పడక మీద బాధ పడుచు తా నోపలే
కల్లలాడు పిల్ల కల్పవల్లి

ఓపలేక + అల్లలాడు. అల్లలాడు అంటే కదిలిపోవడం, తల్లడిల్లడం.

నిర్వాహకుడు:
శ్రుతిబాక్స్ గారూ, అద్భుతం! సమస్య ఇచ్చినప్పుడు నాకే ఈ విరుపు తట్టలేదు. కల్లని కల్ల కాకుండా చేసేశారు. మొదటి రెండు పాదాల్లో వేదిక మీది పిల్ల, మూడో పాదంలో ఆసుపత్రి మంచం. మధ్యలో ఏ మాటా లేకుండా ఒక్కసారిగా కిందికి దించారు. కథ కూడా మనల్ని అలాగే దించుతుంది.

గోదారిగట్టు:
'లేక' తర్వాత అచ్చు వస్తే అలా సంధి చెయ్యొచ్చా అండీ? చేసి, వచ్చి లాంటి క్త్వార్థాలకి సంధి లేదని చదివాను.

నిర్వాహకుడు:
ఆ నియమం క్త్వార్థంలోని ఇకారానికి. ఇది వ్యతిరేక క్త్వార్థం, చివర అకారం. అత్తునకు, అంటే అకారానికి, సంధి బహుళం, ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు. రాక + ఉండు రాకుండు అయినట్టే ఇదీ. నిశ్చింతగా ఉండండి.

పెన్నాతీరం:
అందరూ ఆ పిల్లని కల్పవల్లి చేశారు. నాకు ఆమె మీద ప్రేమే గానీ అంత తేలిగ్గా ఒప్పుకోలేను. వతారిని ఇష్టపడుతున్నానని చెప్పింది సరే, అరిమా సంగతేమిటి? తన మనసులో మాట ఆమెతో చెప్పే అవకాశం అతనికి ఎప్పుడు దొరికింది? కల్పవల్లి అడిగినవి ఇవ్వాలి. ఇతనికి అడిగే వీలే లేకుండా పోయింది. అందుకే నాలుగో పాదాన్ని ప్రశ్నగా చదవండి.

చెప్పకున్న మనసు చేరునే గమ్యము
జాబు చదువు నాటి జాము గడచె
బదులు చెప్పు దారి వానికి లేదాయె
కల్లలాడు పిల్ల కల్పవల్లి?

నిర్వాహకుడు:
పెన్నాతీరం గారూ, 'బదులు'కి 'వానికి' అన్నది బ–వ యతి, చెల్లుతుంది. రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. 'గమ్యము' ఒక్కటే కాస్త వచనంలా వినిపిస్తోంది, అయినా భావం ముందు అది చిన్న విషయం. మీ ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉంది, పద్యంలోనే చెప్తాను.

జాబు రాక మున్నె జతగూడి మ్రోయించి
బదులు చెప్పినాడు బాలు డపుడె
వేళ్ళ నడుమ నిలిచి వీడ్కోలు గైకొన్న
కల్లలాడు పిల్ల కల్పవల్లి

ఉత్తరం చదవకముందే అతను జవాబు ఇచ్చేశాడు. ఆ బాలడే జవాబు. వాయించేటప్పుడు అతని మనసులో పోటీ లేదు, న్యాయనిర్ణేతలు లేరు, ఆమె ఒక్కతే ఉంది. తల్లి పోయాక పియానో మూసేసిన పిల్లాడు, ఈసారి వీడ్కోలు చెప్పడానికి పియానోనే ఎంచుకున్నాడు. ఆమె అతనికి ఇచ్చిన వరం ఇదేనని నా నమ్మకం.

తెల్లమల్లె:
'వేళ్ళ నడుమ నిలిచి' దగ్గర కళ్ళు చెమర్చాయండీ.

శ్రుతిబాక్స్:
'జతగూడి మ్రోయించి' అన్నప్పుడు 'డి' లఘువుగానే తీసుకున్నారు కదా? తెలుగు మాటలే కాబట్టి ఇబ్బంది లేదు, కొత్తవాళ్ళ కోసం అడిగాను.

నిర్వాహకుడు:
అవునండీ, లఘువే. రెండూ వేరు వేరు తెలుగు పదాలు, వెనక అక్షరాన్ని తేల్చి పలుకుతాం.

పెన్నాతీరం:
పద్యం గొప్పగా ఉంది, సందేహం లేదు. అరిమా వైపు నుంచి మీ సమాధానం సరిపోతుంది. కానీ ఆ బాలడ్ ఆమె చెవిన పడలేదు కదండీ. అతను వాయిస్తున్నప్పుడు ఆమె ఆపరేషన్ బల్ల మీద ఉంది. జవాబు ఇచ్చినవాడికి ఊరట దొరికింది, దానికోసం అయిదేళ్ళ వయసు నుంచి ఎదురు చూసిన పిల్లకి అందలేదు. నా ప్రశ్నార్థకాన్ని అలాగే ఉంచుతున్నాను. 'గమ్యము' మాత్రం మారుస్తాను, రేపటికి వేరే మాట వెతుకుతాను.